గుండె, రక్తనాళముల వ్యాధులు – గుర్తింపవలసిన సూచనలు

(ముమ్మిడివరం సంఘ కూడికలో చేసిన ప్రసంగపాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో ఆత్మీయ విషయములతో పాటు శరీరారోగ్యమును గూర్చి కూడా మాటలాడుట యుక్తమని తలంచి, నేడు గుండె, రక్తనాళముల వ్యాధులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పు సంగతులను, గృహదర్శనములలో మేము చూచుచున్న సంగతులతో కలిపి మీ ముందు ఉంచుచున్నాము.

గుండెజబ్బు పట్టణములలో కూర్చుండి తినువారి జబ్బు అని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. అది నిజము కాదు. 2003-04లో మన గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక సంవత్సర కాలమున సంభవించిన మరణములను పరిశోధకులు లెక్కించిరి. ఆ పరిశోధనకు ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని పేరు. ఆ గ్రామముల జనాభా సుమారు 1,80,000, మరణములు 1,354. ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇండ్లకు వెళ్లి, చనిపోకముందు ఏమి జరిగినదో కుటుంబీకులను అడిగి తెలిసికొనిరి. నూటికి 32 మరణములకు కారణము గుండె, రక్తనాళముల వ్యాధులేనని తేలినది. అంటువ్యాధుల వంతు నూటికి 12 మాత్రమే. చనిపోయినవారు పట్టణవాసులు కారు. మనవలె వరిచేల మధ్య, కొబ్బరితోటల మధ్య బ్రదికినవారే.

ఈ వ్యాధి ఎట్లు వచ్చునో చూతము. గుండె పిడికిలి అంత కండరము. నిమిషమునకు సుమారు 70 సార్లు, దినమునకు సుమారు లక్ష సార్లు కొట్టుకొని శరీరమంతటికి రక్తము పంపును. ఆ గుండెకు కూడా రక్తము కావలెను. దానిని రెండు ముఖ్య నాళములు, వాటి కొమ్మలు తెచ్చును. పంటకాలువలో పూడిక పేరుకొనిన యెడల శివారు చేనుకు నీరు అందదని మనకు తెలియును. అట్లే నాళపు గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకగును. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహము దీనిని త్వరపరచును. నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు రొమ్ము పట్టివేసినట్లుండి, నిలబడగానే తగ్గిన యెడల అది ఇరుకు దారి ఇచ్చుచున్న హెచ్చరిక. ఆ ఇరుకు చోట రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోయిన యెడల గుండెపోటు వచ్చును.

గుండెపోటు సూచనలు ఇవి: రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు నొప్పి; అది ఎడమచేతికి, దవడకు, మెడకు, వీపుకు ప్రాకుట; చల్లని చెమట, ఆయాసము, వాంతి, కండ్లు తిరుగుట. నొప్పి కడుపు పైభాగమున మాత్రమే ఉండవచ్చును. స్త్రీలలో, షుగరు ఉన్నవారిలో నొప్పి అంతగా లేక, ఉన్నట్టుండి నీరసము, ఆయాసము మాత్రమే కనబడవచ్చును.

ఇండ్లలో మేము తరచుగా వినుచున్న మాట ఒకటి కలదు: "గ్యాసేనండి అయ్యగారూ, సోడా తాగితే తగ్గిపోద్దండి." గ్యాసు వలన కూడా మంట కలుగును, నిజమే. అయితే ఏది గ్యాసో ఏది గుండెయో తేల్చవలసినది ఇ.సి.జి. గాని సోడా కాదు. దారి మూసికొనిన తరువాత గుండె కండరము నిమిష నిమిషమునకు చచ్చుచుండును. గడ్డను కరిగించు ఇంజెక్షను ఉన్నది. అది తొలి గంటలలో ఇచ్చిన యెడలనే ఎక్కువ మేలు.

పక్షవాతము మెదడు నాళములకు వచ్చు ఆపద. మూతి ఒక ప్రక్కకు వంకర పోవుట, ఒక చేయి లేవకపోవుట, మాట ముద్దగా వచ్చుట – ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినను ఆగరాదు. కొద్ది నిమిషములలో తగ్గిపోయినను ఆస్పత్రికి వెళ్లవలెను. స్కాను తీసి, గడ్డ అని తేలిన యెడల నాలుగున్నర గంటలలోపు ఇంజెక్షను ఇయ్యవచ్చును. రోగి నోట నీళ్లు గాని మందు గాని పోయరాదు.

నెమ్మదిగా వచ్చు సూచనలు కూడా కలవు. పాదములు వాచుట, పండుకొనిన ఆయాసము వచ్చి లేచి కూర్చుండుట గుండె బలహీనతకు గుర్తులు కావచ్చును. నడిచినప్పుడు పిక్కలు పట్టివేసి, ఆగిన తగ్గుట కాలి నాళములు ఇరుకగుటకు గుర్తు. చుట్ట, బీడీ త్రాగువారిలో ఇది ఎక్కువ. పిల్లలకు గొంతునొప్పి వచ్చిన కొన్ని వారములకు కీళ్లు వాచి నొప్పి పుట్టిన యెడల అశ్రద్ధ చేయరాదు. ఆ జ్వరము గుండె కవాటములను పాడుచేయగలదు. అట్టి పిల్లలకు వైద్యుడు వ్రాసిన పెన్సిలిన్ ఇంజెక్షను మానరాదు. ఇక రక్తపోటు తరచుగా ఏ సూచనయు చూపదు. కొలిపించుకొనుటయే మార్గము. 140/90 దాటుచున్న యెడల వైద్యుని చూడవలెను. తల తిరుగుట లేదు గదా అని మాత్రలు మానరాదు. మాత్రలు వేసికొనుటచేతనే బాగుగా ఉన్నారు.

ఒకప్పుడు మన ప్రాంతములో రోగిని కాకినాడ చేర్చుటకు ఎదుర్లంక రేవులో పంటు కొరకు కనిపెట్టి గౌతమి దాటవలసి వచ్చెడిది. 2002లో యానాం వారధి వచ్చినది. 2005లో ఉమ్మడి రాష్ట్రమున 108 అంబులెన్సు మొదలైనది. నేడు మనలను ఆపుచున్నది నది కాదు, ఇంటిలోని ఆలస్యము. తెల్లవారనిమ్మని కొందరు, కువైటులో ఉన్న అమ్మాయికి ఫోను చేసి అడుగుదమని కొందరు, అయ్యగారు వచ్చి ప్రార్థన చేసిన తరువాత చూతమని కొందరు ఆగుచున్నారు. ప్రియులారా, మమ్మును తప్పక పిలువుడి. అయితే ముందు 108కి ఫోను చేసి, తరువాత మమ్మును పిలువుడి. బండిలో కూర్చుండి ప్రార్థించుటకు మాకు అభ్యంతరము లేదు. మంచి సమరయుడు గాయపడినవానిని చూచి గాయములు కట్టి, తన వాహనము మీద ఎక్కించుకొని పోయెను గాని, అక్కడనే కూర్చుండిపోలేదు. పౌలుతో నడచిన లూకా వైద్యుడే. వైద్యమును ఆశ్రయించుట విశ్వాసలోపము కాదు.

ఈ శతాబ్ది గురుతుగా సంఘమునకు మా మనవి మూడు. నెలకొక ఆదివారము ఆరాధన తరువాత రక్తపోటు చూపించు ఏర్పాటు చేయుదము. రాత్రివేళ బండి ఇయ్యగలవారి పేర్లు, ఫోను నంబర్లు దేవాలయపు గోడమీద వ్రాసి ఉంచుదము. ప్రతి ఇంటిలో చుట్ట, బీడీ మాని, ఉప్పు తగ్గింతము. మనిషికి దినమునకు ఒక చెంచా ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయలో, ఎండుచేపలో, అప్పడములో ఉన్న ఉప్పు కూడా ఆ చెంచాలోని లెక్కే.

ఈ సంగతులు విని ఇంటికి పోయి మరచిపోక, ఇంటిలోనివారికి, పొరుగువారికి చెప్పుడి. ఒక్క ఇంటివారు సోడాకు బదులు 108ని పిలిచినను ఈ ప్రసంగము ఫలించినట్లే. దేవుడు మిమ్మును మీ కుటుంబములను కాపాడును గాక.