లండనులో మా మొదటి దినము

లండను చేరిన మరునాడు ఉదయముననే మా దంపతులకు వాదము వచ్చినది. నెల్సను స్తంభము మా కోరిక. అమరావతి శిల్పములు మా శ్రీమతి కోరిక. ఎవరిది నెగ్గినదో శ్రోతలు గ్రహింపగలరు.

భూగర్భ రైలులో బయలుదేరితిమి. 1863లో ఆవిరి యింజనుతో ఆరంభమైన ఏర్పాటిది. మా భూపాలపల్లిలో భూమిలోనికి దిగుట యన్న బొగ్గు గనిలోనికి దిగుటయే. ఇంక్లైను వాలున తలదీపములతో దిగువారిని ఎరిగిన మా శ్రీమతి, హోబర్న్ స్టేషనులో కదలు మెట్లపై కాలు మోపుటకు జంకి, "ఇక్కడ సైరను మ్రోగదా అండీ?" అని అడిగినది.

బ్రిటిష్ మ్యూజియములో ప్రవేశమునకు రుసుము లేదు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపిన రాళ్లు 1859లో లండను చేరినవి. 1880లో ఈ మ్యూజియమునకు వచ్చినవి. అన్నియు పలనాటి సున్నపురాతివే. ఒక పలకకు రెండు ప్రక్కలను చెక్కడమే. పాత చెక్కడమును వెనుకకు త్రిప్పి, కొన్ని వందల యేండ్ల పిమ్మట రెండవ ప్రక్కను స్తూపము రూపునే తీర్చినారు. రాతిని వృథా చేయని ఆ శిల్పుల పొదుపు మాకు మిక్కిలి నచ్చినది.

పాలంపేట రామప్ప గుడిలో స్తంభములను చేతితో నిమిరి చూచుట మాకు అలవాటు. ఇక్కడ అద్దము అడ్డము. మా శ్రీమతి ఆ అద్దముపై వ్రేళ్లుంచి చాల సేపు నిలిచినది.

"వీటిని అడిగి తెచ్చినారా అండీ?"

మేము తేదీలు మరల చెప్పితిమి. ఆమె అడిగినది తేదీలు కాదు.

నెల్సను స్తంభమును ఆనాడు చూడలేదు.