కొలత తప్పరాని వాయువు

(రజతోత్సవ సభలో ఆరోగ్య విషయమై చేయబడిన ప్రసంగ పాఠము)



గాలి యనగానే ముక్కుతో పీల్చి విడుచునదే యని లోకము తలచును. కాని శరీరము తనలో తానే తయారుచేసికొను వాయు వొకటి కలదు. దాని పేరు నైట్రిక్ ఆక్సైడ్. మోటారు బండ్ల పొగలోని మలినములలో నిదియు నొకటి. అట్టిది రక్తనాళములలో పుట్టి, కొలది సెకనులు మాత్రమే నిలిచి, రక్తపోటును అదుపులో నుంచుచున్నది. దీనిని తయారుచేయు ఎంజైములకు నైట్రిక్ ఆక్సైడ్ సింథేజులని పేరు. వాని పని కొలతలో నున్నంత కాలము ఆరోగ్యము. కొలత తగ్గినను, హెచ్చినను వ్యాధి.

ఈ కథ పేలుడు పదార్థముతో మొదలైనది. 1847లో ఇటలీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు అస్కానియో సొబ్రేరో నైట్రోగ్లిజరిన్ అను ద్రవమును కనుగొనెను. దానిని నాలుకకు తాకించినంతనే తీవ్రమైన తలనొప్పి కలుగుటను గమనించెను. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ ఆ ద్రవముతోనే డైనమైటు చేసి ధనము గడించెను. 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ అదే పదార్థమును మిక్కిలి పలుచగా కలిపి గుండెనొప్పికి మందుగా వాడెను. 1896లో గుండెజబ్బుతో బాధపడుచున్న నోబెలునకు సయితము వైద్యులు దానినే సేవింపుమనిరి. మందు పనిచేయుచుండెను; ఎట్లు పనిచేయుచుండెనో దాదాపు నూరేండ్లు ఎవరికిని తెలియలేదు. 1977లో ఫెరిద్ మురాద్ ఆ మందునుండి వెలువడు నైట్రిక్ ఆక్సైడు నాళముల కండరమును సడలించుచున్నదని చూపెను.

శరీరమే ఆ వాయువును చేయునన్న సంగతి వేరొక దారిని బయటపడినది. న్యూయార్కులోని రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమనీఖండములపై పరిశోధన చేయుచుండెను. ఒక మందు వేసినపుడు కొన్ని ఖండములు సడలెను, కొన్ని సడలలేదు. కారణము వెదకగా, ధమని లోపలి పలుచని పొర చెక్కుచెదరక యున్నప్పుడే సడలుచున్నట్లు తేలెను. ఆ పొరనుండి ఏదియో వెలువడుచున్నదని ఆయన 1980లో ప్రకటించెను. అది నైట్రిక్ ఆక్సైడే కావచ్చునని ఆయనయు, లూయీ ఇగ్నారోయు 1986లో సూచించిరి. 1987లో ఇంగ్లండులో సాల్వడార్ మొంకాడా బృందము ఆ పొర కణములనుండి ఈ వాయువు వెలువడుటను కొలిచి చూపెను. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ మువ్వురికిని నోబెల్ బహుమానము లభించినది.

సింథేజులు మూడు విధములు. మూడును మాంసకృత్తులలోని ఆర్జినిన్ అను ఆమ్లమును, ప్రాణవాయువును గైకొని ఈ వాయువును చేయును. మొదటిది రక్తనాళముల లోపలి పొరలో నుండును. రక్తము వడిగా పారి ఆ పొరను ఒరసికొనినపుడు ఇది మేల్కొని, నాళమును వెడల్పు చేయును. రక్తము గడ్డకట్టకుండ కాపాడును. రెండవది నాడీకణములలో నుండి వార్తలను చేరవేయును. ఈ రెండును కొంచెము కొంచెముగా, అవసరమైనప్పుడే వాయువును విడుచును. మూడవది సాధారణముగా కానరాదు. రోగక్రిములు ప్రవేశించినపుడు తెల్ల రక్తకణములు మొదలైనవి దీనిని నిర్మించును; అప్పుడిది గంటలకొలది ధారాళముగా వాయువును చేసి క్రిములను చంపును. మొదటి రెండును పొలమునకు నీరు విడుచు తూములవంటివి; మూడవది వరద.

పొగాకు, మధుమేహము, అధిక రక్తపోటు, రక్తములో కొలెస్టరాల్ హెచ్చుట మొదటి సింథేజును దెబ్బతీయును. దానికి తోడ్పడు టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అను పదార్థము కొరవడినచో, అదే ఎంజైము మేలుచేయు వాయువునకు బదులు సూపరాక్సైడ్ అను హానికర పదార్థమును పుట్టించును. కంచెయే చేను మేసినట్లగును. నాళములు బిగిసికొనును, గుండెకు రక్తము చాలకపోవును.

అధికమైనను ముప్పే. క్రిములు రక్తమునందు వ్యాపించి దేహమెల్ల విషమించినపుడు మూడవ సింథేజు విజృంభించి నాళములన్నిటిని సడలించుటచే రక్తపోటు పడిపోవును. అట్లయిన సింథేజులను అణచివేసిన చాలునని కొందరు భావించిరి. మూడింటిని ఒక్కసారి అణచు మందును 1990 దశకమున రోగులకిచ్చి చూచిరి. మందు పుచ్చుకొన్న వారిలోనే మరణములు హెచ్చినందున ఆ ప్రయోగమును మధ్యలోనే ఆపివేసిరి. వరదను ఆపబోయి తూములను కూడ మూసివేసినట్లయినది.

దీనికి ప్రతికూలమైన ప్రయత్నము మరియొకటి. గుండెపోటు వచ్చినవారికి ఆర్జినిన్ ఇచ్చినచో వాయువు హెచ్చునని తలచి, అమెరికాలో 153 మంది రోగులపై పరీక్ష జరిపిరి. 2006లో ఫలితము వెలువడెను: ఆర్జినిన్ పుచ్చుకొన్నవారిలో ఆరుగురు మరణించిరి, ఉత్తి గుళికలు పుచ్చుకొన్నవారిలో ఒక్కరును మరణింపలేదు. ఆ పరీక్షయు ఆగిపోయినది.

తగిన చోట, తగిన కొలతలో నిచ్చినపుడో, అదే వాయువు ప్రాణదాత. ఊపిరితిత్తుల నాళములు బిగిసి ప్రాణవాయువు అందక నీలివర్ణము దాల్చు నవజాత శిశువులకు, పది లక్షల పాళ్ల గాలిలో 20 పాళ్ల నైట్రిక్ ఆక్సైడును కలిపి పీల్పించుటకు 1999లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. అది ఊపిరితిత్తులలోనే పనిచేసి, రక్తములో చేరగానే నశించును.

కావున గృహస్థులు గమనింపదగినవి కొన్ని కలవు. దినదినము నడచుటవలన రక్తము వడిగా పారి మొదటి సింథేజు చురుకుగా నుండును. చుట్ట, బీడీ, సిగరెట్టు దానికి శత్రువులు. తోటకూర, పాలకూరలలోని నైట్రేటులు, నోటిలోని సూక్ష్మజీవుల సాయమున, వేరొక మార్గమున నీ వాయువుగా మారును. ఆర్జినిన్ పొడులను గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక వాడరాదు. నాలుక క్రింద నుంచుకొను నైట్రోగ్లిజరిన్ మాత్రను కూర్చుండియే వేసికొనవలెను. అయిదు నిమిషములలో నొప్పి తగ్గనిచో జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. సిల్డెనఫిల్ మందు వాడువారు ఆ మాత్రను ఎన్నడును కలిపి పుచ్చుకొనరాదు. రక్తపోటు ఒక్కుమ్మడి పడిపోయి ప్రాణాపాయము కలుగును. సిగ్గుచే ఆ సంగతి వైద్యునికడ దాచుట కూడదు.

అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు చెప్పిన మాట భోజనమునకే కాదు, కంటికి కనబడని ఈ వాయువునకును చెల్లును.