సముద్రం లేని ఊళ్లకు ఒక పడవల సినిమా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మనకు చెరువులున్నాయి గానీ సముద్రం లేదు. అయినా ఈ పూట పడవల సినిమా ఒకటి చెప్పుకుందాం.

పేరు ‘ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్’. 2013లో వచ్చిన డాక్యుమెంటరీ. గుజరాత్‌లో కచ్ తీరాన పెద్ద పెద్ద చెక్క ఓడలు కడతారు. వాటిలో సరుకు వేసుకుని గల్ఫ్‌కీ, సోమాలియాకీ వెళ్లే నావికులే సెల్‌ఫోన్లతో తీసిన దృశ్యాలివి. అవును, నావికులే తీశారు. వాళ్లు జతచేసుకున్న పాటలనూ సినిమాలో అలాగే ఉంచారు. బొమ్మ అక్కడక్కడా మసక. నాకైతే ఆ మసకే నచ్చింది.

మన ఆంధ్ర తీరమూ తక్కువది కాదు. కాకినాడ దగ్గర తాళ్లరేవు చెక్క పడవలకు పేరుపడ్డ ఊరు. ఇక మసూలా పడవ ఉండేదే, దానికి మేకులుండవు! పలకలకు బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొడితే పలక విరగదు, కాస్త లొంగుతుంది. దారం సత్తా ధర్మవరం నేతన్నలకు వేరే చెప్పాలా?

మీ చెరువులో పుట్టి వేసే పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం వెళ్లి, ఆ నావికుల్లాగే ఫోన్లో తీయండి. ఆయన మాటలూ రికార్డు చేయండి.