వెంటనుండి నేర్చిన విద్య

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున ఫుట్‌బాలును గూర్చి మాటలాడుటకు నేను లేచుట కొందరికి వింతగా దోచవచ్చును. ఆటగాండ్రను గూర్చి నేను చెప్పబోవుట లేదు. ఆట నేర్పువాడు తానెక్కడ నేర్చుకొనవలెను అనునదే నా విషయము. మన గ్రంథాలయము వెనుక స్థలమున సాయంకాలము పిల్లల నాడించుచున్న యువకుడు పుస్తకమున జదివినది కొంత, సెల్‌ఫోనులో జూచినది కొంత కలుపుకొని నేర్పుచున్నాడు. నేర్పుటయందు తనకంటె అనుభవము గలవాని పక్కన ఒక్క దినమైనను నిలుచు భాగ్య మాతనికి కలుగలేదు.

ఆదిపర్వములోని కచుని కథ మీ రెరుగుదురు. మృతసంజీవని దేవతలకు తెలియదు; తెలిసినవాడు రాక్షసగురువగు శుక్రుడు. అంతట దేవతలు బృహస్పతి కొడుకును ఎదిరిపక్షమునకే పంపిరి. అతడు చిరకాలము గురువు చెంత నుండి, ఆవులను గాచి, పనులు చేసి విద్య గడించెను. శుశ్రూష యను మాటకు వినవలెనను కోరిక యనియే మొదటి యర్థము. సేవ యను నర్థము ఆ వెనుక వచ్చినది. విద్య దక్కిన పిదప దేవయాని కోపించి, అది యాతనికి ఫలింపకుండునట్లు శపించినది. తనకు ఫలింపకున్నను తాను నేర్పినవారికి ఫలించునని చెప్పి కచుడు వెడలిపోయెను. ఆట నేర్పువాని బ్రతుకును ఇంత చక్కగా జెప్పిన కథ వేరొకటి నే నెరుగను. మైదానపు గట్టున నిలుచువా డొకడు, గోలు కొట్టువాడు మరియొకడు.

పరదేశమునకు బోయి విద్య పంచినవారిలో ఇంగ్లండు దేశీయుడగు జిమ్మీ హోగన్‌ను ముందుగా తలపవలెను. ఆయన 1912లో వియన్నా నగరమునకు బోయెను. 1914లో యుద్ధము రాగా శత్రుదేశీయుడని యాతని నిర్బంధించిరి. తరువాత బుడాపెస్టు చేరి అచ్చటి ఎం.టి.కె. సంఘమువారికి బంతిని నేలబారున ఒకరి కొకరు అందించుకొను ఆట నేర్పెను. 1953 నవంబరు 25వ తేదీన హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3 గోలులతో నోడించెను. ఐరోపా ఖండమునుండి వచ్చిన జట్టు చేతిలో ఇంగ్లండు స్వదేశమున నోడుట అదియే మొదలు. తమ కీ యాట నేర్పినవాడు హోగనే యని హంగరీవారు మరువక చెప్పిరి. స్వజనము విననిదానిని పరులు విని దాచుకొనిరి!

ఇక జపాను సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. 1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగనుండగా, తమ ఫుట్‌బాలు జట్టు బలహీనముగా నున్నదని గ్రహించి, జపానువారు 1960లో పశ్చిమ జర్మనీనుండి డెట్‌మార్ క్రామర్ అను శిక్షకుని పిలిపించిరి. ఆయన తనకై ఏర్పరచిన హోటలును కాదని, ఆటగాండ్రు దిగిన బసలోనే దిగి, వారివలె చాపలపై నిదురించి, వారితో గూడ పుల్లలతో అన్నము తినెను. మైదానమున మొదట నేర్పినదేమి? పాదము లోపలి పక్కతో బంతిని సరిగా తన్నుట! దేశమునకే ప్రతినిధులైన యాటగాండ్రకు అక్షరాభ్యాసము! వారికి ఎంత చిన్నతనముగా దోచియుండునో మీరే యూహింపుడు. అయినను నేర్చుకొనిరి.

నాకు మిక్కిలి నచ్చిన మనిషి క్రామర్ కాడు. ఆయన పక్కన నిలిచిన షునిచిరో ఒకానో. ఇతడు క్రామర్‌కు సహాయకుడు, దుబాసి కూడ. గురువు చెప్పిన ప్రతి మాటను తన భాషలో మరల చెప్పవలసినవాడు దానిని సగము గ్రహించి ఊరకుండుటకు వీలులేదు. లెక్కలు వ్రాయు నాకు ఇది స్వానుభవము: పద్దు చూచువానికంటె పైకి చదివి వినిపించువానికే తప్పు ముందుగా కనబడును.

టోక్యోలో జపాను జట్టు అర్జెంటీనాను 3-2 గోలులతో గెలిచినది. క్రామర్ తిరిగి పోవుచు, బలమైన విదేశ జట్లతో తరచుగా ఆడుడనియు, జాతీయ స్థాయి పోటీవరుస నెలకొల్పుడనియు, పచ్చిక మైదానములు పెంచుడనియు, శిక్షకులను తయారుచేయు పద్ధతి యేర్పరచుడనియు సలహా లిచ్చెను. మరుసటి యేడే, 1965లో, ఎనిమిది జట్లతో జపాను లీగు మొదలయ్యెను. 1968లో మెక్సికో ఒలింపిక్ క్రీడలలో జపానువారు ఆతిథ్యమిచ్చిన మెక్సికోనే 2-0 గోలులతో గెలిచి కంచు పతకము తెచ్చుకొనిరి. అప్పుడు శిక్షకులుగా నున్నవారు కెన్ నగనుమ, ఒకానో. ఇరువురును జపానీయులే.

1969లో ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్యయగు ఫిఫా ఆసియా దేశముల శిక్షకులకై జపానులో క్రామర్ ఆధ్వర్యమున తరగతులు నడపినది. తొమ్మిదేండ్ల క్రిందట గురువును అరువు దెచ్చుకొన్న దేశము పరులకు పాఠశాల యయ్యెను. మన దేశమునుండి అచ్చట చదివినవారిలో పి.కె. బెనర్జీ యొకడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుదియాటలో దక్షిణ కొరియాపై మనము 2-1తో గెలిచినప్పుడు ఒక గోలు ఈయనది. నాటి జట్టును తీర్చిదిద్దినవాడు మన హైదరాబాదువాడే, బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం గారికి మేలైన పాఠము చేదుగానే అందినది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో నోడినది. మనవారిలో పలువు రప్పుడు వట్టికాళ్లతో ఆడిరి. ఆ పిమ్మట బూట్లు వచ్చినవి, పద్ధతి మారినది. నాలుగేండ్లకు మెల్బోర్నులో మనము నాలుగవ స్థానమున నిలిచితిమి. హైదరాబాదు పిల్లలకు ఆయన బలములేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టెను. దీనికి విమానపు టిక్కెట్టు అక్కరలేదు, బుద్ధి కావలెను. 1963 జూన్ 11వ తేదీన ఆయన గతించెను. 1962 తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల రాలేదు. ఆయన శిష్యులు కొందరు శిక్షకులైన మాట నిజమే. కాని ఆడుచు నేర్చుట వేరు, నేర్పుట నేర్చుట వేరు. రహీం గారి పక్కన నిలిచిన ఒకానోలు మనకెందరు?

విదేశములకు బోయి ఛాయాచిత్రములు దిగి, దండలు వేయించుకొని వచ్చినవారిని నేను చాలమందిని జూచితిని. అట్టి యాత్రను నేను సమర్థింపను. వెంటనుండి నేర్చువాడు బంతులు మోయవలెను, సున్నపు గీతలు గీయవలెను, గురువు విసుగుకొన్న దినమును, వాన కురిసి ఆట చెడిన దినమును గూడ చూడవలెను. ఏడేండ్ల బిడ్డ భయపడి బంతికి దూరముగా పోయినప్పుడు ఆ గురువేమి చేసెనో ఏ పుస్తకమున నున్నది? పుస్తకములను ప్రేమించువాడనై యే ఈ మాట యనుచున్నాను.

కావున నా ప్రతిపాదన యిది. రజతోత్సవ నిధిలో మిగులు సొమ్ముతో ముఖద్వారమునకు సిమెంటు తోరణము కట్టింతుమని కార్యవర్గమున కొంద రనుచున్నారు. తోరణము మరియొక యేట కట్టవచ్చును. మన యువకుని ఒక నెల హైదరాబాదుకు, పిల్లలకు శ్రద్ధగా నేర్పు శిక్షకుని యొద్దకు పంపుదము. పిదప ఆ శిక్షకుని పక్షము దినములు ఇచ్చటికి పిలిచి, మన గతుకుల నేల మీద, మన పిల్లలతో ఆయన యేమి చేయునో చూతము. మనవాడు దినమునకొక పుట వ్రాసి తెచ్చు పుస్తకము ఈ బీరువాలో నుండవలెను. ఆతడు మరి యిరువురికి, అందొక ఆడపిల్లకు, ఆ పని నేర్పవలెను. రానుపోను ఖర్చు, భోజనము, బస లెక్కగట్టి కాగితము తెచ్చితిని. అధ్యక్షులవారి బల్లపై నుంచుచున్నాను. ఆదివారము కార్యవర్గ సమావేశమున చదువుడు. పద్దులలో తగ్గింపదగినది యున్న తగ్గింపుడు.