వానలు, వరపులు: తెలంగాణపు మెట్ట సేద్యమునకు వలయు కొన్ని సంగతులు

(రైతుల సభయందు చేసిన యుపన్యాసము)



వాన రాకడయు ప్రాణము పోకడయు ఎవరికిని తెలియవని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నమ్ముకొని చేతులు ముడుచుకొని కూర్చుండుట సేద్యగానికి పొసగదు. వాన ఏ దినమున వచ్చునో ఖండితముగా చెప్పలేకపోయినను, మన పీఠభూమిపైకి అది ఏ మార్గమున వచ్చునో, ఏ నెలలలో మొగము చాటు చేయునో, కురిసిన నీరు ఏ నేలలో ఎన్ని దినములు నిలుచునో తెలిసియే యున్నది. ఈ సంగతులు తెలిసి విత్తిన రైతునకును, తొలి చినుకునకే తొందరపడి విత్తిన రైతునకును గల భేదము ఒకయేడు విత్తనపు సంచి ఖరీదంత; మఱియొకయేడు ఆ సంవత్సరపు పంట యంతయును. నేడు నేను మనవి చేయబోవునది ముఖ్యముగా దీనిని గూర్చియే.

మనది సముద్రమునకు దూరమైన మెట్టసీమ. హైదరాబాదు నగరము సముద్రమట్టమునకు సుమారు 1,750 అడుగుల యెత్తున నున్నది. అరేబియా సముద్రముమీదుగా వచ్చు నైరృతి పవనములు మొదట పడమటి కనుమలను తాకి, తమ నీటిలో పెద్ద భాగమును అచ్చటనే విడుచును. కనుమల కొప్పునున్న మహాబలేశ్వరమున ఏటికి 200 అంగుళములకు మించి కురియగా, కనుమలు దాటి తూర్పునకు దిగినంతనే అనేక ప్రాంతములలో 30 అంగుళములైనను కురియవు. కొండ వెనుక నీడవలె నిది వానకు నీడ. పూర్వపు మహబూబునగరము జిల్లా ఈ నీడలోనిది. అచ్చట సాలుసరి వాన సుమారు 24 అంగుళములు. హైదరాబాదునకు వచ్చుసరికి 32 అంగుళములగును. ఉత్తరమున ఆదిలాబాదు వైపున 40 అంగుళములు దాటును. బంగాళాఖాతమున బుట్టు వాయుగుండములు తీరము దాటి పడమరకును వాయవ్యమునకును సాగునపుడు ఉత్తరపు, తూర్పు జిల్లాలే వాని దారికి దగ్గర గావున అచ్చటి నేలలు ముందుగా తడియును. పవనము నైరృతినుండి వీచినను, మనకు చెఱువులు నింపు వానలలో పెక్కు తూర్పున బుట్టినవే.

అయితే ఈ సాలుసరి అంకెను నమ్మి సేద్యము చేయరాదు. ఇంగ్లండు దేశపు లండను నగరమున ఏడాదికి కురియు వానయు రమారమి 24 అంగుళములే. మహబూబునగరమును లండనును ఒక్క కొలతవే యనిన నవ్వువచ్చును గాని అది నిజము. అచ్చట ఆ వాన పండ్రెండు నెలలకును పంచుకొని, నూఱు దినములకు పైగా సన్నసన్నగా పడును, ఎండ స్వల్పము. ఇచ్చట అయిదింట నాలుగు పాళ్ళు జూను మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనే, అదియు ఏబదికి లోపు దినములలో కురిసి ముగియును. ఎండగాలులకు మన నేలమీదినుండి ఏటికి ఆవిరికాగల నీరు, కురియు వానకు రెట్టింపునకు మించినది. కాబట్టి ఎంత కురిసినదను ప్రశ్నకంటె, ఒక వానకును మఱియొక వానకును నడుమ ఎన్ని దినములు గడచినవి, ఆ దినములలో నేల యొద్ద ఎంత నీరు నిలువయున్నది అనునదియే మన ప్రశ్న.

వానకాలమున నడుమ వచ్చు ఈ వరపు దైవికమైన విడ్డూరము కాదు, దానికి కారణమున్నది. నైరృతి ఋతువున ఉత్తర హిందూస్థానము పొడవున గాలి ఒత్తిడి తగ్గిన ద్రోణి యొకటి పడమటినుండి బంగాళాఖాతము వఱకు పఱచుకొని యుండును. అది దక్షిణమునకు జరిగినపుడు మనకు మబ్బులు కమ్మును. అది ఉత్తరమునకు జరిగి హిమాలయముల పాదములను చేరినపుడు అచ్చట నదులు పొంగును. ఇచ్చట ఆకాశము తేటపడి పడమటి గాలి మాత్రము విసరును. జూలై, ఆగస్టు నెలలలో ఇట్లు వారమో, రెండు వారములో, ఒక్కొక్క యేడు మూడు వారములకు మించియో జరుగును. 2002వ సంవత్సరము జూలైలో దేశమంతటి వానయే ఇంచుమించు సగమునకు పడిపోయినది. ఆ యేడు పసిఫికు మహాసముద్రపు నీరు వేడెక్కు ఎల్‌నినో యను స్థితి యుండెను. అట్టి స్థితియున్న ప్రతి యేడును కఱవు వచ్చునని తలపరాదు. 1997లో అది మిక్కిలి బలముగా నున్నను దేశమున వాన సామాన్యముగనే కురిసినది. ఎల్‌నినో మాట చెవిని పడినపుడు విత్తనములను రెండు విధముల సిద్ధపఱచుకొనుట మేలు. సేద్యము మానుకొనుట మాత్రము తగదు.

ఇక కార్తెల సంగతి. రోహిణి యెండలకు రోళ్ళు పగులునన్న మాట అబద్ధము కాదు. హైదరాబాదున కొలిచిన యెండలలో మిక్కిలి తీవ్రమైనది, 45.5 డిగ్రీలు, 1966 జూను 2వ తేదీన, అనగా రోహిణి కార్తెలోనే నమోదైనది. మృగశిర జూను 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. ఋతుపవనము తెలంగాణమును ముట్టు సామాన్యకాలమును అదియే. కార్తెలను పంచాంగపు మూఢత్వమని త్రోసివేయువారు ఈ పొందికను చూడవలెను. అవి సూర్యుని నక్షత్రగతిపై ఏర్పడినవి గనుక ఋతువులకు వానికిని పొత్తు నిలకడగనే యుండును. ఒక కార్తెయంత జరుగుటకు తొమ్మిది వందల యేండ్లకు పైగా పట్టును. కాని కార్తె తెలుపునది సామాన్యకాలమును మాత్రమే, ఈ యేటి వానను కాదు. ఆరుద్ర కురిసిన ఆఱు కార్తెలును కురియునన్న సామెతను నమ్మి అప్పు తెచ్చి విత్తిన వారెందఱో మఖ, పుబ్బలలో ఆకాశమువంక చూచుచు కూర్చుండిరి. జూను నెల వాన తరువాతి నెలలకు పూచీపడదు.

కార్తెను చూడుడు, కాని విత్తుటకు నేలను చూడుడు. నిలువెత్తు లోతుగల నల్లరేగడి, పైరునకు అందగల నీటిని సుమారు 8 అంగుళముల వఱకు తనలో దాచుకొనగలదు. ఎఱ్ఱచెల్క 3 అంగుళములు దాచినను గొప్పయే. రాతిపొర పైకి వచ్చిన చోట్ల అంతయును లేదు. నిండుగా పెరిగిన పైరు దినమునకు అంగుళములో ఆఱవవంతు నీరు త్రాగునని యనుకొందము. రేగడి నిండి యున్నచో పైరు 48 దినములు వాన లేకయే నిలుచును. చెల్కయందు 18 దినములకే నిలువ తీఱిపోవును. పైన చెప్పిన మూడు వారముల వరపు చెల్క పైరునకు ఏల మృత్యువగునో, గట్టు కావలి రేగడిలో అదే పైరు ఏల పచ్చగా నుండునో ఈ లెక్కవలన తెలియగలదు. లేతపైరు నీరు తక్కువ త్రాగును గాని, దాని వేరు జానెడైనను దిగదు. పైమన్ను ఎండినంతనే అదియు ఎండును.

కావున చెల్కలలో తొలకరి యొక్క వాన పడగానే గొఱ్ఱు కట్టరాదు. కొలది దినములలో మొత్తము రెండు అంగుళములు, రేగడియైనచో రెండున్నర మొదలు మూడు అంగుళములు కురిసి, తడి జానెడు లోతునకు దిగిన తరువాతనే విత్తవలెను. గడ్డపారతో చేనిలో మూడు నాలుగు తావుల త్రవ్వి, అడుగు మన్ను పిడికిట పట్టి నొక్కి చూడుడు. ముద్దకట్టి, వ్రేలితో తట్టిన విడిపోయినచో పదును కుదిరినట్లు. పైన బురదయు అడుగున పొడిదుమ్మునుగా నున్నచో అది మోసపు తడి. అందు మొలచిన గింజ పది దినముల వరపునకు మాడును. మఱల విత్తనము, మఱల కూలి, మఱల ఎద్దుల బాడుగ. ప్రత్తి విత్తనము కొని వేయువారికి ఈ రెండవ విత్తు ఎంత బరువో నేను చెప్పనక్కఱ లేదు.

ప్రక్క చేనివారు విత్తుచున్నారను తొందర మన పల్లెలలో వానకంటె ఎక్కువ నష్టము చేయుచున్నదని నా యభిప్రాయము.

దీనికి ఒక్క మినహాయింపు కలదు. లోతైన రేగడులలో, తొలకరి వాన నమ్మదగిన ప్రాంతములలో, వానకు ముందే పొడిదుక్కిలో విత్తుట మేలని పటాన్‌చెరువునందు 1972లో నెలకొల్పబడిన ఇక్రిసాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థవారు చూపిరి. ఏలయన వాన పడిన పిమ్మట రేగడిలో కాలుమోపుటకు సందుండదు. జొన్న, మొక్కజొన్న, కంది వంటి పెద్ద గింజలను రెండు మూడు అంగుళముల లోతున వేసినచో చిఱుజల్లులకు మొలవక, మంచి వానకే మొలచును. నువ్వులవంటి చిన్న గింజలకు ఇది పనికిరాదు. వానకాలమంతయు రేగడిని బీడుగా విడిచి మాఘి జొన్న మాత్రము వేయు పాతవాడుకను వారు తఱచి చూచిరి. ఆ బీడుపై పడిన వానలో నాలుగవ వంతునకు దగ్గరగా మన్నుతో కూడ పాఱిపోవుచుండెను. వేసవిలోనే వాలునకు అడ్డముగా వెడల్పు మడులును, నడుమ కాలువలును తీసి, పునాసలో జొన్నయో మొక్కజొన్నయో, దానితో కందియో వేసి, ఎరువు చాలినంత పెట్టిన చేలు 1976 మొదలుకొని పెక్కేండ్ల సగటున ఎకరమునకు ఇంచుమించు 20 క్వింటాళ్ళ గింజనిచ్చినవి. పాత పద్ధతి చేలు అయిదు క్వింటాళ్ళనైనను అందుకొనలేదు. వాన రెండింటికిని ఒక్కటియే.

వాన ఆలస్యమైనపుడు పైరు మార్చుటకు సంకోచింపరాదు. జూలై నడుమ దాటిన పిమ్మట జొన్న విత్తినచో మొవ్వు ఈగ పట్టి సుడి చచ్చును. పెసరకును కాలము మించును. అప్పటికి చెల్కలకు ఆముదము, కంది తగినవి. ఆగస్టు నడుమ వఱకును పదును దొరకనిచో ఉలవ తప్ప గతి లేదు, కాని ఉలవ పశువునకు మేతయైన నిచ్చును. పైరు మొలచిన తరువాత వరపు వచ్చినచో గుంటక తోలి పైమన్ను గుల్ల చేయుడు; కలుపు పోవును, రేగడి నెఱ్ఱెలు పూడును, అడుగు తడి ఆవిరి కాకుండ నిలుచును. మొక్కలు ఒత్తుగా నున్నచో కొన్నిటిని పెఱికివేయుటకు చేయి రాదు గాని, ఉన్న నీటిని పంచుకొను నోళ్ళు తగ్గుటయే అప్పుడు కావలసినది.

వరపు ఎంత నిజమో కుంభవృష్టియు అంత నిజము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదులో వేలకొలది జనమును పొట్టబెట్టుకొన్నది. ఆ పిమ్మటనే ఉస్మానుసాగరము, హిమాయతుసాగరము కట్టబడినవి. 2000 ఆగస్టు 24వ తేదీన అదే నగరమున ఒక్క దినమున తొమ్మిదిన్నర అంగుళములు, అనగా ఏటి వానలో మూడవవంతునకు దగ్గరగా, కురిసినది. మధ్య భారతమున 1951 మొదలు 2000 వఱకు గల లెక్కలను పరిశీలించిన వాతావరణ శాస్త్రజ్ఞులు, మొత్తము వాన పెద్దగా మాఱకయే భారీ వానలు హెచ్చినవనియు, మెల్లగా కురియు మధ్యరకపు వానలు తగ్గినవనియు 2006లో తేల్చిరి. మనకు నచ్చు వాన తగ్గి, నేలకు హత్తని వాన పెరుగుచున్నదన్నమాట.

ఒక యెకరముపై ఒక్క అంగుళము కురిసినచో అది 22,600 గ్యాలనుల నీరు, లక్ష లీటర్లకు మించినది. అంత నీటిని బోరుబావినుండి తోడుటకు ఎన్ని గంటలు పట్టునో తలంచి చూడుడు. మన నేల క్రింద నున్నది నల్లరాయి. దాని పగుళ్ళలో నిలుచు నీరు కొద్ది. కనుక పైన పడిన నీటిని చేనిలోనే నిలుపుట చౌక. వేసవి జల్లులకు వాలునకు అడ్డముగా లోదుక్కి దున్నుడు. గట్లు వర్షమునకు ముందే సరిచేయుడు. చెల్కలపై వాన దెబ్బకు పైపొర అట్టకట్టి నీటిని లోనికి పోనీయదు. చెఱువు పూడికమన్ను తోలినచో ఆ గుణము తగ్గి నీటి నిలువ పెరుగును. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ క్రింద చెఱువుల పూడిక తీసినపుడు ఆ మన్నును చేలకు తోలుకొన్నవారు ఎఱువును, నీటి పాత్రను ఒక్కమాఱే తెచ్చుకొన్నారు. పాకాలవంటి చెఱువులను త్రవ్వించిన కాకతీయులకు ఈ సీమ వాన గుణము చక్కగా తెలియును; కురియునప్పుడు పట్టి, కురియనప్పుడు వాడుటకే ఆ కట్టలు.

యాసంగిని గూర్చి రెండు మాటలు. హస్త, చిత్త కార్తెల వానలు దక్షిణపు రేగడులకు ప్రాణము. శనగ, మాఘి జొన్న ఆ తడితోనే పండవలెను, అటుపైన ఈశాన్య పవనము మనకిచ్చునది స్వల్పము. మార్చి, ఏప్రిలులలో ఉఱుములతో వడగండ్లు పడుట కలదు గనుక కోసిన పంటను కళ్ళమున విడిచి యుంచరాదు.

కడపట ఒక చిన్న పని మీకు అప్పగించుచున్నాను. వానను కొలుచుట మనకు క్రొత్త కాదు. ధాన్యపు కొట్టువద్ద వర్షమును కొలుచు పాత్ర నుంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమునందే యున్నది. అడుగు సమముగా, ప్రక్కలు నిలువుగా నున్న డబ్బా యొకటి తీసికొనుడు. మూతి వెడల్పును అడుగు వెడల్పును ఒక్కటిగా నుండవలెను. చెట్టునకు, గోడకు దూరముగా, బయలున, చినుకు ఎగిరి పడని యెత్తున దానిని కదలకుండ నాటుడు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు లోని నీటిలో కొలబద్ద నిలిపి అంగుళములు చూచి, తేదీతో చిట్టాలో వ్రాసి, నీరు పారబోయుడు. వాన లేని దినమున సున్న వ్రాయుడు. ఆ సున్నలు వరుసగా ఎన్ని వచ్చినవో చెల్కకు వేఱుగా, రేగడికి వేఱుగా లెక్కించుకొనుడు. చెల్క చిట్టాలో పదునాలుగవ సున్న పడిన దినమున గుంటక కట్టుటకు ఎద్దులను సిద్ధపఱచుడు.