పట్టా సరే, పప్పు సంగతేంటి?

మీ పట్టాల పండుగ ఆహ్వాన పత్రికలో నా పేరు ముందు వేసిన విశేషణాలు చదివాను. వాటిలో సగం నాకే తెలియవు, తక్కిన సగం మా ఇంట్లో ఒప్పుకోరు. కాబట్టి మర్యాదలు ఇక్కడితో సరి.

కిందటేడు ఇదే మైకు ముందు నిలబడినాయన క్షిపణుల గురించి మాట్లాడారట. భారత్ డైనమిక్స్ కర్మాగారం ఉన్న భానూర్‌లో అది సబబే. నేను పప్పు గురించి మాట్లాడతాను. నవ్వండి, పర్వాలేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపి రిటైరైన మనిషిని పిలిచి కృత్రిమ మేధ గురించి చెప్పమంటే ఏం చెబుతుంది?

సైఫాబాద్ హోంసైన్స్ కాలేజీలో సీటొచ్చిందని చెప్పిన రోజున మా మేనమామ, "వంట నేర్చుకోనీకి కాలేజీ ఎందుకే? మీ అమ్మ పక్కన కూసుంటే ఫీజు గూడ ఉండదు" అన్నాడు. తీరా చేరాక మాకు చెప్పింది రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, తిన్నదాంట్లో ఒంటికి ఎంత పడుతుందన్న లెక్క. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వేసిన ఆహార విలువల పట్టికలు కంఠతా పట్టాం. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. మా క్లాసులో మగపిల్లాడు ఒక్కడూ లేడు. నలుడు, భీముడు పుట్టిన దేశంలో ఇదేం విడ్డూరమో నాకిప్పటికీ అర్థం కాదు. రాజ్యం పోయి తలదాచుకోవాల్సి వచ్చినప్పుడు భీముడికి విరాటుడి కొలువులో దొరికింది వంటవాడి ఉద్యోగమే. గద తిప్పడం వచ్చా అని అక్కడెవరూ అడగలేదు.

చదువయ్యాక నాకు ఉద్యోగం ఇప్పించింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాంట్లో 46వ సెక్షన్ అని ఒకటి ఉండేది. 250 మందికి మించి కార్మికులున్న చోట క్యాంటీన్ పెట్టించడానికి ప్రభుత్వానికి అధికారం ఇచ్చిన సెక్షన్ అది. దేవుడి పటం పక్కన దాన్ని కూడా ఫ్రేము కట్టించి పెట్టుకోవాల్సింది. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. తెల్లవారుజామున ఉప్మా, మధ్యాహ్నం భోజనం, నడిరాత్రి మళ్లీ భోజనం. ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు పులుపు తగ్గాలి, బిహార్ వాళ్లకు రొట్టె కావాలి, మన సంగారెడ్డి వాళ్లకు పచ్చిపులుసు లేకపోతే ముద్ద దిగదు. అందరూ పేచీ లేకుండా తినేది ఒక్క పప్పే.

ఒక ఎండాకాలం ఆ పప్పే ఉడకడం మానేసింది. నిన్నటి దాకా మెత్తగా మెదిగింది ఎంత మంట పెట్టినా పలుకుగానే ఉంటోంది. సరుకు మోసమని సప్లయర్‌కు ఫోన్ చేయబోతుంటే మా పెద్ద వంటాయన ఆపాడు. జహీరాబాద్ వైపు మనిషి, బడి మొహం చూడలేదు. "పప్పు మంచిదే మేడమ్. నీళ్లు మారినయి" అన్నాడు. రెండు గిన్నెలు తెప్పించి, ఒకే బస్తాలోంచి ఒకే కొలత పప్పు తీసి, ఒకదాంట్లో మంజీరా ట్యాంకర్ నీళ్లు, ఇంకోదాంట్లో కొత్త బోరు నీళ్లు పోసి పక్కపక్కనే పొయ్యెక్కించాడు. ట్యాంకర్ నీళ్ల పప్పు మెదిగింది, బోరు నీళ్లది మెదగలేదు. ఒక్క సంగతి మాత్రమే మార్చి తక్కినవన్నీ అలాగే ఉంచి పరీక్షించాలని మీకు ఇక్కడ నాలుగేళ్లు ల్యాబుల్లో చెప్పారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కారణం నేను చదువుకున్న పుస్తకాల్లోనే ఉంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుబద్దలోని పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. చింతపండు ముందే వేసినా పప్పు మొరాయిస్తుంది, పులుపులో ఆ పెక్టిన్ సులువుగా కరగదు. మీ నాయనమ్మ పప్పు మెదిగాకే పులుసు పోసేది, అది ఆచారం కోసం చేసిన పని కాదు. ఏళ్ల తరబడి నిలవున్న పప్పు కూడా అంతే, నానబెడితే కొంత దారికొస్తుంది. నూనె చుక్క ఎందుకు వేస్తారంటే, నురగ పొంగి కుక్కర్ ఆవిరి గొట్టానికి అడ్డం పడకుండా. మెకానికల్ వాళ్లు ఎక్కడున్నారు? వాతావరణ పీడనం మీద 15 పౌండ్లు పెరిగితే నీళ్లు 121 డిగ్రీల దగ్గర మరుగుతాయని పరీక్షలో రాశారు. ఆవిరి పూర్తిగా పోకముందే మూత లాగితే ఏమవుతుందో ఎంతమందికి తెలుసు?

ఇంతకీ ఈ పప్పు మీద నాకెందుకంత పట్టుదలంటే, ఇది కందిపప్పు తాలూకు గడ్డ. మన పక్కనే పటాన్‌చెరులో 1972 నుంచీ మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. కంది జన్యుక్రమాన్ని 2011లో లోకానికి ప్రకటించిన శాస్త్రవేత్తల బృందాన్ని నడిపించింది వాళ్లే. శంకర్‌పల్లి స్టేషన్లో రైలెక్కితే తాండూరు చేరతారు, అక్కడి కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న చోట నిలబడి అడుగుతున్నాను, నలుగురికి సరిపడా పప్పు ఎవరి సాయం లేకుండా వండగలిగినవాళ్లు చేతులెత్తండి.

ఊఁ... అబ్బాయిల వైపు ఏడెనిమిది. అమ్మాయిల వైపు కూడా అంతకంటే పెద్దగా లేవు. పోనీలే, ఈ ఒక్క విషయంలోనైనా సమానత్వం సాధించాం.

మీ జీవితం ఎలా ఉండబోతోందో నేను చెబుతాను, జాతకం చూడక్కర్లేదు. గచ్చిబౌలిలోనో, ఇస్నాపూర్‌లోనో ముగ్గురు కలిసి ఒక గది. గదిలో ఒక కరెంటు కుక్కర్. కుక్కర్లో అన్నం, కూర మాత్రం వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి. నేను కర్రీ పాయింట్లకు శత్రువును కాను. పెనిమిటి ఆసరా లేని ఆడవాళ్లు ఆ నాలుగు గిన్నెలు పెట్టుకుని పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించారు, వాళ్ల పిల్లలు ఈ హాల్లోనే ఉండొచ్చు. నా బాధ కొనేవాళ్లతో. సలసల కాగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకుని, దారంతో మూతి కట్టించుకుని, బండి హ్యాండిల్‌కి తగిలించుకుని వస్తారు. ఇంటి నుంచి స్టీలు డబ్బా పట్టుకెళితే పరువు పోతుందా బిడ్డా? ఆ కూరలో నూనె ఎన్నోసారి కాగిందో అడుగుతారా? కాగేకొద్దీ నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. మూకుడు దగ్గర నిలబడి ఆ శాతం కొలవడం మీ వల్ల కాదు. కానీ నల్లబడి, జిగటగా సాగి, మంట తగలగానే పొగలు కక్కే నూనెను గుర్తుపట్టాలంటే ఇంట్లో నాలుగుసార్లు బూరెలో గారెలో వేయించిన చెయ్యి ఉండాలి.

2024 అక్టోబర్ 30న మన ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది గుర్తుందా? హైదరాబాద్‌లో మోమోలు తిని జనం ఆసుపత్రి పాలై, ఒకామె చనిపోయాక. ఆ వారం మా బంధువులబ్బాయి, ఎంటెక్ చేసినవాడు, "మయోనైజ్‌లో గుడ్డుంటదా అత్తా?" అని అడిగాడు. మూడేళ్లుగా వారానికి రెండుసార్లు తింటున్నాడు.

పాశమైలారం వైపు కార్మికుల గదులకు నేను చాలాసార్లు వెళ్లాను, క్యాంటీన్‌కు ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి. బిహార్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు, ఒక చిన్న సిలిండర్, గోడ మీద ఎవరి వంతు ఏ రోజో రాసిన కాగితం. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, ఒకడు పప్పు కడుగుతుంటే ఇంకొకడు ఆలుగడ్డ ఉడకేసి, ముప్పావు గంటలో వేడివేడిగా తిని పడుకుంటారు. వాళ్లలో పదో తరగతి దాటినవాడు లేడు. మా ట్రెయినీ ఇంజినీర్లు అదే వీధిలో మేడ మీద కూర్చుని, ఆర్డర్ పెట్టిన బిర్యానీ బండి ఏ సిగ్నల్ దగ్గర ఆగిందో ఫోన్‌లో చూస్తుంటారు.

ఆ ట్రెయినీల్లో ఒకడు సీ షిఫ్టులో మెషిన్ దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. సిద్దిపేట వైపు పిల్లాడు. వేడికనుకున్నారు. డిస్పెన్సరీలో రక్తం తక్కువని తేలింది. పక్కన కూర్చోబెట్టుకుని ఏం తింటున్నావని అడిగితే, చాయ్, బన్ను, నూడుల్స్, మళ్లీ చాయ్. "ఆకుకూర పప్పు ఎప్పుడు తిన్నవ్ బిడ్డా?" అంటే కాసేపు ఆలోచించి, "బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు మేడమ్" అన్నాడు. డాక్టర్ మాత్రలిచ్చాడు, నేను పని చెప్పాను. వారానికి మూడు రోజులు క్యాంటీన్ వంటింట్లో అరగంట మా పెద్దాయన పక్కన నిలబడాలి. తోటకూర పప్పు దింపాక నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుందని, తిన్న వెంటనే చాయ్ తాగితే అది బాగా తగ్గిపోతుందని అక్కడే నేర్చుకున్నాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అమ్మాయిలూ, ఆ నిమ్మకాయ సంగతి మీరు ఇంకా గట్టిగా వినాలి.

అబ్బాయిలూ, మీకో లెక్క. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు జీతం లేని ఆ పనిలోనే గడుపుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చేసే మగవాళ్లే నలుగురిలో ఒక్కరు. 'అమ్మ చేతి వంట' అని స్టేటస్ పెడతారు చూడండి, ఆ చెయ్యి ఎన్ని నిమిషాలు నలిగిందో ఒకసారి లెక్కేసి పెట్టండి. జపాన్ వాళ్లు 2005లో ఆహార విద్యకు ఏకంగా ఒక చట్టమే చేసుకున్నారు. అక్కడ బడిపిల్లలు తోటి పిల్లలకు తామే వడ్డిస్తారు. ఫిన్లాండ్‌లో ఇంటి నిర్వహణ, వంట ఆడామగా తేడా లేకుండా అందరికీ పాఠ్యాంశం. మనం పుట్టిన ప్రతివాడికీ త్రికోణమితి చెప్పి, పొయ్యి దగ్గరికి మాత్రం 'చెయ్యి కాలుద్ది, పో' అని తరిమాం. గోడవారన నిలబడ్డ తల్లులూ, ఇందులో మీ వాటా కూడా ఉంది.

ఈ జిల్లా వంట గురించి ఒక్కమాట చెప్పకుండా దిగిపోతే మా పెద్ద వంటాయన ఊరుకోడు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ అన్నం పెరిగిన కొద్దీ ఇక్కడి ఇళ్లలో జొన్నరొట్టె తగ్గి, రొట్టె కొట్టే చెయ్యి తగ్గింది. అదే 1983లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దళిత మహిళా రైతులు సంఘాలు కట్టి జొన్న, కొర్ర, సామ విత్తనాలు మళ్లీ గుమ్ముల్లోకి తెచ్చారు. ఏటా ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు, 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. క్యాంటీన్‌లో వారానికోసారి జొన్నరొట్టె పెట్టాలని నేను ఆ వైపు వెళ్లినప్పుడు ఒకామె పొలంలో నడిపిస్తూ పొన్నగంటి, తుమ్మికూర, జొన్నచెంచలి ఒక్కొక్కటే తుంచి చూపించింది. విత్తకుండానే మొలిచేవి, మనం కలుపని పీకి పారేసేవి. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు కాబట్టి మరిగే నీళ్లు పోస్తేనే పిండి కొంత ఉడికి జిగురొస్తుందని నేను కాలేజీలో చదివాను. ఆమె మాత్రం ఇంటికొచ్చాక పొయ్యి మీది నీళ్ల చప్పుడు విని పిండి పోసింది.

ఆమె దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. ఆకు ఏ నీళ్లకు పెరిగిందో చూడనిదే ఆమె ఒడిలో వేసుకోలేదు. మన వైపు ఆ జాగ్రత్త మరీ అవసరం. నక్కవాగులో కలిసిన ఫ్యాక్టరీ వ్యర్థాల మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. రేపు మీలో కొందరు అవే ఫ్యాక్టరీల్లో వ్యర్థ జలాలు శుద్ధి చేసే ఈటీపీ లాగ్‌బుక్కులో సంతకాలు చేస్తారు. రాత్రిపూట వాల్వు తిప్పమని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ నీళ్లకు పెరిగే పాలకూర కట్ట మీ గది కింద కొట్లోకే వస్తుందని తెలిసి ఉండాలి. ఆ కట్ట ఎప్పుడూ కొననివాడికి అది తట్టదు.

చాలాసేపు తిట్టాను. టైమైందని పక్కనుంచి చీటీ వచ్చింది, వాళ్ల తప్పేం లేదు.

ప్రిన్సిపాల్ గారూ, పొద్దున చాయ్ తాగుతూ మీతో అన్నమాట ఇక్కడ మళ్లీ అంటున్నాను, సాక్షులుండాలి కదా. వీళ్లు ఎలాగూ వెళ్లిపోతున్నారు, వీళ్ల జూనియర్ల కోసమైనా హాస్టల్ వెనక ఖాళీగా ఉన్న ఆ గదిలో నాలుగు పొయ్యిలు, నాలుగు కుక్కర్లు, ఒక తూకం, ఒక థర్మామీటర్ పెట్టించండి. మార్కులు మాత్రం వద్దు. మార్కులు పెడితే వీళ్లు పప్పుకు కూడా గైడ్ కొంటారు. మొదటి నెల నేనే వస్తాను. జీతం అక్కర్లేదు, ఆటో డబ్బులిస్తే చాలు. మా పెద్ద వంటాయన కూడా వస్తానన్నాడు, కాకపోతే ఆయన్ను లెక్చరర్లు 'సార్' అని పిలవాలట.

ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. ముందు వరుస వాళ్లు చూశారుగా? సరే, ఇక మీ పట్టాలు తీసుకోండి.