పల్లెలో పాత ఇల్లు – ఒక వాన చూసి కొనండి

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తరువాత పల్లెలో ఇల్లు కొనుక్కోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను, వకీలును కాను. 33 ఏళ్ళు ఆఫీసులో ఇతరుల కాగితాలు క్షుణ్ణంగా పరిశీలించి, తీరా సొంత ఇంటి కాగితాలు సరిగా చూసుకోనివాణ్ణి. ఆ అనుభవమే మనవి చేస్తాను.

పిల్లలు దూరప్రాంతాలలో స్థిరపడ్డారు. మేమిద్దరం తెనాలిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. రేపల్లె రైలు మార్గంలో, భట్టిప్రోలుకు దగ్గరలో ఒక మండువా ఇల్లు అమ్మకానికి ఉందంటే చైత్రమాసంలో వెళ్ళి చూశాం. స్తంభాలకు నిగనిగలాడే రంగు, వసారాలో కొత్త టైల్సు, గోడలకు సిమెంటు పూత. "రిపేర్లన్నీ చేయించాం, సామాను దించుకోవడమే" అన్నారు అమ్మేవారు. మా ఆవిడ మాత్రం "ఒక వాన పడ్డాక చూద్దామండీ" అంది. నేను వినలేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు కలిపి కొనేశాను.

శ్రావణంలో పెద్ద వాన కురిసింది. మండువాలో పడ్డ నీరు బయటికి పోయే తూమును టైల్సు వేసినప్పుడు మూసేశారట. నీళ్ళు వసారా ఎక్కాయి. వడ్రంగి వచ్చి స్తంభం అడుగున రంగు గీకి ఉలి పెడితే సగం లోపలికి దిగింది. అంతా చెదలే. గోడలు నెమ్ము పట్టాయి. పాత సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తేమను బయటికి వదులుతుందనీ, సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచిపోతుందనీ మేస్త్రీ చెబితే గాని నాకు తెలియలేదు.

అసలు దెబ్బ దసరా ముందు తగిలింది. ఒక పెద్దావిడ వచ్చి మండువాలో నిలబడింది. అమ్మినాయనకు చెల్లెలు. కేకలు వేయలేదు. "నేను ఈ గదిలోనే పుట్టాను అన్నయ్యగారూ, నా సంతకం ఎవరూ అడగలేదు" అంది. ఇల్లు వాళ్ళ నాన్నగారి స్వార్జితం. ఆయన వీలునామా వ్రాయకుండానే పోయారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే అటువంటి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు మన రాష్ట్రం 1986 చట్టంతో హక్కు ఇచ్చింది. 2005 సవరణతో దేశమంతటా కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. ఇవన్నీ పేపర్లో చదివినవాణ్ణే, అయినా ఆడపిల్లలున్నారా అని అడగలేదు.

ఆమె వాటాకు సొమ్మిచ్చి విడిగా దస్తావేజు వ్రాయించుకున్నాం. అది మా ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్‌కు దాచిన సొమ్ము. ఆపరేషన్ ఏడాదిన్నర వెనక్కి పోయింది. అంతకాలమూ ఆమె గోడ పట్టుకుని వంటింటి గడప దాటుతుంటే చూశాను. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఈ వేదిక మీద చెబుతున్నాను.

మా బంధువుల అబ్బాయి ఫ్రాన్సులో ఒక పల్లెటూరి పాత ఇల్లు కొన్నాడు. అక్కడ ఇంటి పరిస్థితిపై నిపుణుల పరీక్షా పత్రాలను అమ్మేవారే ఇవ్వాలట. చెదల బెడద ఉన్నట్టు ప్రకటించిన ప్రాంతమైతే దానికీ పరీక్ష తప్పనిసరి. ఒప్పందం అయ్యాక కూడా మనసు మార్చుకోవడానికి కొనేవారికి 10 రోజుల గడువుంటుంది. మనకా ఏర్పాటు లేదు. మన జాగ్రత్త మనమే పడాలి.

ఇ.సి. తీస్తే చాలదు. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనబడతాయి. నోటిమాటతో జరిగిన పంపకాలు కనబడవు. వారసులందరూ, ఆడపిల్లలతో సహా, సంతకం చేయాలి. గ్రామకంఠంలోని చాలా ఇళ్ళకు పాత దస్తావేజులే ఉండవు. పంచాయతీ ఇంటిపన్ను రసీదు హక్కుపత్రం కాదు. తప్పక వకీలుకు చూపించండి.

మీకు నమ్మకమైన వడ్రంగిని, మేస్త్రీని వెంట తీసుకువెళ్ళండి. కొత్త రంగు చూసి మురిసిపోకండి. దూలాల చివరలు, స్తంభాల అడుగులు, నీరు పోయే దారి చూడండి. నల్లరేగడి నేల ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది, పునాది కదులుతుంది. 1977 నవంబరు ఉప్పెన పెద్దలకు గుర్తే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలో వాళ్ళను అడగండి. అర్ధరాత్రి ఆసుపత్రికి ఎలా వెళ్ళాలో కూడా ముందే ఆలోచించుకోండి.

చేతిలో ఉన్నదంతా ఇంటికే పెట్టకండి. కమ్యుటేషన్‌కు ఇచ్చిన పెన్షన్ భాగం 15 ఏళ్ళకు గాని తిరిగి రాదు.

ఇప్పుడు తూము తెరిపించాం, రెండు స్తంభాలు మార్పించాం. ఆపరేషన్ అయింది. సాయంత్రాలు మా ఆవిడ అరుగు మీద కూర్చుంటుంది. ఆ చెల్లెమ్మ ఏటా సంక్రాంతికి వచ్చి తాను పుట్టిన గది చూసుకుని, పసుపు కుంకుమ తీసుకుని వెళుతుంది. పల్లెకు వెళ్ళవద్దని నేను అనను. ఒక వాన చూసి, ఇంటి ఆడవాళ్ళ మాట విని వెళ్ళండి.